బెంగళూరు ఆఫర్ వచ్చిందా? ముందు పీఎఫ్‌లో ఎగ్జిట్ తేదీ చూసుకోండి

ఆఫర్ లెటర్ చేతికొచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దగ్గర ఆగిపోతే ఆ టెన్షన్ అంతా ఇంతా కాదు. అనంతపురంలో ఉంటున్న మా తమ్ముడికి ఇదే జరిగింది. రిలీవింగ్ లెటర్ ఉంది, పే స్లిప్పులూ ఉన్నాయి. అయినా బెంగళూరు కంపెనీవాళ్లు "మీరింకా పాత ఉద్యోగంలోనే ఉన్నట్టు చూపిస్తోంది" అన్నారు. పాత యాజమాన్యం పీఎఫ్‌లో ఎగ్జిట్ తేదీ, అంటే ఉద్యోగం మానేసిన తేదీ, వేయలేదు. దాని కోసం వాడు పది రోజులు ఫోన్లు చేస్తూనే ఉన్నాడు, పాపం.

ఆ తేదీని మనమే వేసుకోవచ్చు. 2020 నుంచి ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ చూసే కేంద్ర సంస్థ) ఈ వీలు ఇచ్చింది. దాని మెంబర్ పోర్టల్‌లో యూఏఎన్‌తో (కంపెనీ మారినా మారని మీ పీఎఫ్ సభ్యత్వ నంబరు) లాగిన్ అయి, 'వ్యూ'లో 'సర్వీస్ హిస్టరీ' తెరవండి. పాత కంపెనీ వరుసలో ఎగ్జిట్ తేదీ లేకపోతే 'మేనేజ్'లో 'మార్క్ ఎగ్జిట్' నొక్కి, ఆ కంపెనీ పీఎఫ్ నంబరు ఎంచుకుని, తేదీ, కారణం ఇవ్వండి. ఆధార్‌కు లింకైన ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఐదు నిమిషాల పని, ఖర్చు లేదు.

ఒక్క జాగ్రత్త. పాత కంపెనీ చివరిసారి పీఎఫ్ కట్టిన నెల నుంచి రెండు నెలలు గడవనిదే ఇది పని చేయదు. ఒకసారి వేసిన తేదీని మళ్లీ ఇదే 'మార్క్ ఎగ్జిట్'లో మార్చలేం. అందుకే రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకుని, అందులో ఉన్న తేదీనే వేయండి.

పనిలో పనిగా టెన్త్ మెమో, పాన్, ఆధార్ మూడూ తీసి ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో కూడా చూసుకోండి. మన వైపు ఒకదాంట్లో పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తి పేరు ఉండటం మామూలే.