తాగుడున్న ఇంట్లో ఎదిగే పిల్లలు: రెండు కాగితాల మీద ముప్పు లెక్క

"తండ్రి తాగుబోతు, కొడుకు మాత్రం ఎక్కడికి పోతాడు" అని ఊళ్లో తేలిగ్గా అనేస్తారు. పిల్లల ముందు ఆ మాట ఎప్పుడూ అనకండి, అందులో నిజం సగమే. మద్యానికి బానిసయ్యే ముప్పులో సుమారు 50 శాతం వంశపారంపర్యమని కవలల మీద చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి. అది జనం మొత్తం మీద తేడాల లెక్క. మీవాడు తాగుబోతయ్యే అవకాశం సగానికి సగమని దాని అర్థం కాదు. పైగా మొదటి బీడీ, మొదటి గుక్క అన్నవి టీనేజీలో ఎక్కువగా ఇంటిని బట్టి, స్నేహాలను బట్టి, సరుకు ఎంత సులువుగా దొరుకుతుందన్నదాన్ని బట్టి జరుగుతాయి. జన్యువుల పట్టు వయసుతో పాటు, అలవాటు ముదిరేకొద్దీ బిగుస్తుంది.

అందుకే రెండు కాగితాలు తీసుకోండి: ఒకటి రక్తంలో వచ్చే ముప్పుకు, ఒకటి చుట్టూ ఉన్న ముప్పుకు. మొదటి కాగితం మీద మూడు తరాలు రాయండి. పైన తాతలు, అమ్మమ్మ, నాన్నమ్మ. కింద తల్లిదండ్రులు, వాళ్ల తోబుట్టువులు. ఆ కింద పిల్లలు. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా. "అప్పుడప్పుడు పుచ్చుకునేవాడు" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. ఏ వయసులో మొదలెట్టాడు, రోజూ తాగేవాడా, పొద్దున్నే చేతులు వణికేవా, మానేసి మళ్లీ పట్టాడా, ఇవి రాయాలి. అందరూ పొరబడేది ఆడవాళ్ల దగ్గర. శ్రీకాకుళం తీరంలో మామ్మలు నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగను ఎవరూ వ్యసనంగా లెక్కపెట్టరు. అదీ పొగాకే, రాయండి. తల్లివైపు వదిలేయకండి, జన్యువులు ఇద్దరి నుంచీ సమానంగా వస్తాయి. మేనరికమైతే మరింత జాగ్రత్త. నాన్నమ్మ అన్నే అమ్మకు నాన్న అయినప్పుడు, ఆ అన్నాచెల్లెళ్ల తండ్రి తాగుడు పిల్లాడికి రెండు దారుల్లోనూ లెక్కకొస్తుంది. మేనత్త భర్తది వేరే రక్తమైతే ఈ కాగితంలో ఉండడు. ఆయన మీ ఇంట్లోనే ఉంటూ తాగుతుంటే రెండో కాగితంలోకి వస్తాడు.

రెండో కాగితం పిల్లాడి రోజు. బడి, ట్యూషన్, బస్టాండు, కిరాణా కొట్టు, తాటితోపు, బెల్టు షాపు గీసి, ఒక సాయంత్రం ఆ దారంతా మీరే నడవండి. నాలుగు నుంచి ఏడు గంటల మధ్య ఇంట్లో ఎవరుంటారో రాయండి. అమ్మానాన్నలు హైదరాబాదుకో చెన్నైకో పనికెళ్లి, పిల్లలు తాతల దగ్గరుంటే ఈ గడి ఖాళీగా తేలుతుంది. దాన్ని ముందు నింపండి: ఎక్కడున్నావు, ఎవరితో, ఎన్నింటికొస్తావు అని రోజూ అడిగే మనిషి ఒకరుండాలి, ఫోన్లోనైనా సరే. కవలల అధ్యయనాల్లో, తల్లిదండ్రుల కనిపెట్టుకోవడం గట్టిగా ఉన్నచోట టీనేజీ పొగతాగుడు మీద జన్యువుల ప్రభావం తగ్గినట్టు తేలింది.

తర్వాత చెయ్యాల్సినవి చిన్నవే. "ఒరే, బీడీకట్ట తెచ్చిపెట్టు" అని పంపడం ఈ రోజే ఆపండి. 18 ఏళ్లలోపు వాళ్లకు పొగాకు అమ్మడం 2003 పొగాకు నియంత్రణ చట్టం కింద నేరం. బడికి 100 గజాల లోపు ఎవరికీ అమ్మకూడదు. పండక్కి "ఇంట్లోనే ఒక చుక్క" అలవాటు చేస్తే హద్దులో ఉంటాడన్నది తప్పుడు నమ్మకం, మొదలు ఎంత తొందరైతే ముప్పు అంత పెరుగుతుంది. ఆగడం నేర్పే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి సుమారు 25 ఏళ్లు పడుతుంది.

ఒక గుర్తు చాలామంది మురిపెంగా చెప్పుకుంటారు: "మా గుంటడికి ఎంత తాగినా ఎక్కదు." నిజానికి అది హెచ్చరిక. మొదట్లో మత్తు తక్కువ తెలియడం కొంత వంశపారంపర్యం. అలాంటివాళ్లు ఆగాల్సిన చోటు తెలియక ఎక్కువ తాగేస్తారు, తర్వాత బానిసలయ్యే ముప్పూ వాళ్లకు ఎక్కువే.

జన్యు పరీక్షలకు డబ్బు తగలేయకండి. దీనికి ఒక్క జన్యువంటూ లేదు, ఎన్నో చిన్నచిన్న తేడాలు కలిసి పనిచేస్తాయి.

ఇంట్లో ఎవరైనా ఇప్పటికే రోజూ తాగుతుంటే వాళ్లను గదిలో పెట్టి తాళం వేయకండి. ఉన్నట్టుండి ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు. మత్తు మానడానికి సాయం చేసే ప్రభుత్వ నంబరు 14446కు గానీ, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు గానీ ఫోన్ చేయండి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్యుల్ని కలవచ్చు. ఫిట్స్ వచ్చినా, మాట తేడాగా వచ్చినా 108కి చేయండి. వెళ్లేటప్పుడు ఆ రెండు కాగితాలూ వెంట తీసుకెళ్లండి.