రాత్రి లెక్క – మూడో పాఠం: తప్పును ఎలా రాయాలి

కిందటి పాఠంలో రాత్రి పుస్తకంలో షుక్ర్ (కృతజ్ఞత) వాక్యాలు రాయడం నేర్చుకున్నాం. అది హాయిగా సాగే పని. మంచి జరిగింది, అల్లాహ్‌కు కృతజ్ఞత చెప్పుకున్నాం, పుస్తకం మూశాం. ఈ వారం పని కష్టమైనది. ఇషా (రాత్రి) నమాజు తర్వాత, పడుకునే ముందు, ఆ రోజు ఎక్కడ తప్పామో రాయాలి. రాసే తీరు సరిగ్గా లేకపోతే మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతుంది. అందుకే పాఠమంతా దీనికే కేటాయిస్తున్నాను.

దీన్ని ముహాసబా, అంటే తన లెక్క తాను చూసుకోవడం, అంటారు. ప్రతి వ్యక్తీ రేపటి కోసం తాను ఏమి పంపుకున్నాడో చూసుకోవాలని ఖుర్ఆన్ (59:18) చెబుతోంది. మీ లెక్క అడగకముందే మీరే లెక్క చూసుకోండి అన్న మాట రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) పేరుతో ప్రసిద్ధం. 1111లో మరణించిన ఇస్లామీయ పండితుడు ఇమామ్ గజాలీ దీన్ని వర్తకంతో పోల్చారు. వర్తకుడు పొద్దున భాగస్వామితో షరతులు మాట్లాడుకుంటాడు, పగలంతా కనిపెట్టుకుని ఉంటాడు, చివరికి లెక్క చూస్తాడు. బేగంబజారులో దుకాణం కట్టేసే వేళ చిట్టా ముందు కూర్చున్న వ్యాపారిని చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఆయన అందులో తనను తాను తిట్టుకోడు. ఏ సరుకు మీద ఎంత పోయింది, ఎందుకు పోయింది అన్నదే రాసుకుంటాడు.

ఇంటర్ చదివే పిల్లల చేతికి మొదటి రాత్రి సులువుగా వచ్చే వాక్యాలు ఇలా ఉంటాయి (ఫజర్ అంటే తెల్లవారుజాము నమాజు):

“ఈరోజు కూడా ఫజర్ పోయింది. నేను ఇక మారను. అల్లాహ్ నన్ను క్షమించడు.”

వీటిలో మొదటిది మాత్రమే లెక్క. రెండోది జోస్యం. మూడోది అసత్యం. అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని, ఆయన పాపాలన్నిటినీ క్షమిస్తాడని జుమర్ సూరా (39:53) స్పష్టంగా చెబుతోంది. మీ గురించే అయినా ఈ పుస్తకంలో అబద్ధం రాయకండి. అల్లాహ్ గురించి అబద్ధం అసలే రాయకండి.

అదే సంగతిని ఇలా రాసి చూడండి (ఖజా అంటే వేళ తప్పి తర్వాత చదవాల్సింది):

“ఫజర్ ఖజా అయింది. రాత్రి ఒంటి గంట దాకా ఫోను చూశాను. ఏడింటికి లేవగానే చదివాను. ఇవాళ పదిన్నరకు ఫోను అమ్మీ గదిలో పెట్టి పడుకుంటాను.”

ఇందులో ప్రాణం రెండో వాక్యానిది. ఫజర్ పోయింది తెల్లవారుజామున కాదు, ముందు రాత్రే. తప్పుకు ముందు గంటలో ఏం జరిగిందో వెతకడం చేతనైతే ముహాసబా సగం వచ్చినట్టే. హైదరాబాదులో నవంబరులో ఫజర్ వేళ ఐదు దాటాక మొదలవుతుంది, మే నెలలో నాలుగున్నరకు ముందే. చలికాలంలో సరిపోయిన నిద్రవేళ ఎండాకాలంలో సరిపోదు. ఇలాంటిది పుస్తకంలో కనబడితే మీ ఈమాన్‌ను (విశ్వాసాన్ని) శంకించుకోవడం మాని గడియారం సరిచేసుకుంటారు. ఇక మూడో వాక్యం: నిద్ర పట్టేసో మరచిపోయో నమాజు తప్పినవారు గుర్తుకు రాగానే చదవాలని దైవప్రవక్త (స) చెప్పారు. చదివారా లేదా అన్నది తప్పకుండా రాయండి. నాలుగోది చిన్నదిగా ఉండాలి. రేపటి నుంచి తహజ్జుద్ (అర్ధరాత్రి దాటాక చదివే ఐచ్ఛిక నమాజు) కూడా చదువుతానని రాసుకుంటే బుధవారానికే పుస్తకం అటకెక్కుతుంది. కొంచెమే అయినా ఎడతెగకుండా చేసే పని అల్లాహ్‌కు అత్యంత ఇష్టమని హదీసు (దైవప్రవక్త మాటల ఉల్లేఖన).

ఇప్పుడు ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి. కొన్ని తప్పులు రాయకూడదు.

రాత్రి చేసిన తప్పును అల్లాహ్ కప్పి ఉంచితే, తెల్లవారాక దాన్ని తానే నలుగురికీ చెప్పుకునే మనిషిని బుఖారీ హదీసు సంకలనంలోని ఒక హదీసు గట్టిగా మందలిస్తుంది. దాచుకున్న పుస్తకం నలుగురికి చెప్పడం కాదు, నిజమే. కానీ ఇంట్లో తమ్ముళ్లుంటారు, హాస్టల్లో తోటివాళ్లుంటారు, కాగితం ఎవరికైనా దొరుకుతుంది. కాబట్టి మీకూ అల్లాహ్‌కూ మధ్యనే ఉన్న తప్పు అయితే వివరం రాయకండి. ఒక చుక్క పెట్టండి, పక్కన “ఇస్తిగ్ఫార్” (క్షమాపణ వేడుకోలు) అని రాయండి, అది ఏ దారిన వచ్చిందో మాత్రం రాయండి: ఒంటరిగా ఉన్న మధ్యాహ్నం, తలుపు వేసిన గది, ఫలానా స్నేహబృందం. రేపు కాపలా పెట్టాల్సింది ఆ దారికే. వివరంగా రాస్తే మనసు దాన్ని మళ్లీ నెమరువేస్తుంది, పశ్చాత్తాపం పలచబడుతుంది.

ఇంకొకరి హక్కు కలిసిన తప్పుల సంగతి వేరు. తౌబాకు (పశ్చాత్తాపంతో అల్లాహ్ వైపు మళ్లడానికి) ఆ తప్పు మానడం, పశ్చాత్తాపపడడం, మళ్లీ చేయనని నిశ్చయించుకోవడం కావాలి. వేరొకరి హక్కు ఉంటే దాన్ని తిరిగి ఇవ్వడం కూడా కావాలి. అందుకే ఇవి కచ్చితంగా రాయాలి. తీసుకుని మరచిన యాభై రూపాయలు, అబ్బా మీద వేసిన కేక, ఎప్పటిలోగా సరిచేస్తారో ఆ రోజుతో సహా రాయండి. మెట్రోలో ఇంటికి వస్తూ స్నేహితురాలి వెనుక ఆమె గురించి నవ్వారనుకోండి. అది గీబత్, అంటే చాటున చెడు చెప్పుకోవడం. పుస్తకంలో ఆమె పేరు గానీ, అన్న మాట గానీ మళ్లీ రాయకండి. ఆమెకు తెలియని మాటను వెళ్లి చెబితే గాయం పెరుగుతుందని భయం ఉన్నప్పుడు, ఆమె కోసం దుఆ (ప్రార్థన) చేసి, అదే గుంపులో ఆమె గురించి మంచి మాట చెప్పమని చాలామంది పండితులు అంటారు. రేపటి వాక్యం అదే కావాలి.

అమ్మాయిలకు ఒక మాట. నెలసరి రోజుల్లో నమాజు లేదు, తర్వాత దాని ఖజా కూడా లేదు. తప్పిన రోజాలకు (ఉపవాసాలకు) మాత్రం ఖజా ఉంది. ఆ ఖాళీని తప్పుల కింద రాయకండి. ఆ రోజుల్లో దుఆ, జిక్ర్ (అల్లాహ్ స్మరణ) ఉన్నాయి, పుస్తకం ఆగనక్కరలేదు.

ఏ భాషలో రాయాలి? ఖమ్మం నుంచో నల్లగొండ నుంచో నగరానికి వచ్చి చదువుకునే పిల్లల్లో ఉర్దూ లిపి రాదని వెనకాడేవాళ్లు ఉంటారు. ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి భాషలోనే పంపామని ఖుర్ఆన్ (14:4) అంటోంది. కోపంలో మీ నోటికి ఏ భాష వస్తుందో ఆ భాషలో రాయండి. పేజీ అందంగా వచ్చిందని ఫొటో తీసి స్టేటస్ పెట్టడం మాత్రం వద్దు.

తల్లిదండ్రులూ, పిల్లల పుస్తకం తెరవకండి. ఇతరుల రహస్యాలు కూపీ లాగవద్దన్న ఆజ్ఞ (49:12) ఇంట్లోనూ వర్తిస్తుంది. పిల్లలూ, బతకాలని లేదన్న మాట కలం చివరికి వస్తే పుస్తకంతో ఆగిపోకండి. ఆ రాత్రే ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి, లేదా మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలిమానస్ 14416కు ఫోను చేయండి. ఆ మాట చెప్పడం పాపం బయటపెట్టుకోవడం కాదు, సాయం అడగడం.

ఈ వారం అభ్యాసం: రాత్రికి ఒక్క తప్పు, నాలుగు వాక్యాలు. ఏం తప్పింది, దానికి ముందు ఏం జరిగింది, ఏం సరిచేశాను, రేపు ఏం చేస్తాను. రెండో వాక్యం తట్టకపోతే ఖాళీ వదలండి, ఊహించి నింపకండి. జుమా (శుక్రవారం) రోజు ఈ పేజీలు వెనక్కి తిప్పి ఆ రెండో వాక్యాలను మాత్రమే వరుసగా ఎలా చదవాలో నాలుగో పాఠంలో చూద్దాం.