పదిమందితో పాత మెస్సుకి వెళ్ళాలంటే

నెల్లూరులో చిన్న భోజనాల మెస్సు అంటే మామూలుగా ఎనిమిది పది బల్లలు, వంటింట్లో ఇద్దరు ముగ్గురు, వడ్డనకి ఇంకో ఇద్దరు. ఇద్దరే వెళ్తే అంత హాయిగా తినే చోటు ఇంకొకటి ఉండదు. అదే మెస్సుకి పండక్కి ఊరొచ్చిన తమ్ముడి కుటుంబాన్ని, చెన్నై స్నేహితుల్ని, అమ్మానాన్నల్ని, పిల్లల్ని వెంటేసుకుని పన్నెండు మంది రెండుగంటలకి దిగితే చేపముక్కలు అయిపోయుంటాయి, చారు పలచబడి ఉంటుంది, సగంమంది నిలబడి ఉంటారు. "ముందటి రుచి లేదబ్బా" అని అందరూ తేల్చేస్తారు. నిజానికి వంట మారి ఉండదు, వెళ్ళిన వేళే తప్పు.

మెస్సు వంట లెక్క తెలిస్తే మిగతాదంతా సులువు. పప్పు, పులుసు, చారు, కూరలు పొద్దున పదకొండింటికల్లా పెద్ద దబరల్లో ఒకేసారి వండి దించేస్తారు. అవి అయిపోతే మళ్ళీ పొయ్యిమీద పెట్టరు. అన్నం, వేపుళ్ళు, ఆమ్లెట్ మాత్రమే విడతలవారీగా దిగుతుంటాయి. కాబట్టి పులుసు కోసం వెళ్ళేవాళ్ళు ముందుగా వెళ్ళాలి, వేపుడు కోసమైతే కాస్త ఆలస్యమైనా పరవాలేదు.

ముందు రెండు రోజులు

ఏడాది, రెండేళ్ళ తర్వాత వెళ్తుంటే ముందు ఫోన్ చేయండి. ఇంటర్నెట్‌లో కనిపించే వేళలు చిన్న మెస్సుల విషయంలో నమ్మదగినవి కావు. అడగాల్సినవి: ఇంకా అదే చోట ఉందా, ఏ రోజు సెలవు, రాత్రిపూట భోజనం ఉందా లేక టిఫినేనా, మీకు కావాల్సిన వంటకం రోజూ ఉంటుందా. చాలా మెస్సుల్లో కొన్ని వంటకాలు ఆదివారానికే పరిమితం. వంటమాస్టరు మారాడేమో కూడా మాటల్లో తెలుసుకోవచ్చు. "ఇప్పుడూ పాత మాస్టరేనా అన్నా?" అంటే ఎవరూ నొచ్చుకోరు. మారితే మాత్రం అంతమందికి పాత రుచి గురించి ముందే ఊరించి చెప్పకండి.

రోజు ఎంచుకోవడంలో పట్టింపులు చూసుకోవాలి. కార్తీకమాసం, శనివారాలు, కొందరికి సోమ, గురువారాలు నీచు ఉండదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఏ వారం ముట్టరో అడక్కుండా చేపల మెస్సు ఖాయం చేస్తే చివరికి వాళ్ళు పెరుగన్నంతో లేస్తారు. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ చిన్న మెస్సులు చాలావరకు మూసేస్తారు, వంటవాళ్ళు సొంతూళ్ళకి పోతారు. పండక్కి వచ్చినవాళ్ళతో వెళ్ళాలంటే భోగికి ముందురోజే మంచిది. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ జరిగే రోజుల్లో దర్గామిట్ట వైపు కారు తీయకపోవడమే మేలు. లక్షల్లో జనం వస్తారు, హోటళ్ళలో వంట మధ్యాహ్నానికే ఖాళీ.

చేపల సంగతికి వస్తే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో వంజరం, చందువా అరుదు. ఉన్నా ఖరీదెక్కువ, ఐస్‌లో నిలవుంచినవి కూడా కావచ్చు. అప్పుడు చెరువు చేపకే మొగ్గు చూపండి. పుల్లమామిడికాయ కూడా వేసవిలోనే కాబట్టి మామిడికాయ వేసిన కొర్రమీను పులుసుకి అదే అసలైన కాలం. సముద్రపు చేప లేదని బాధపడాల్సిన పనిలేదు, నెల్లూరు పులుసు మామిడికాయతోనే పేరు తెచ్చుకుంది మరి.

పదిమంది దాటితే ముందురోజు సాయంత్రానికల్లా లెక్క చెప్పేయాలి. యజమాని తెల్లవారుజామున మార్కెట్‌కి వెళ్ళి కొనేది రోజూ పట్టే లెక్కకే. మీరు పొద్దున పదింటికి ఫోన్ చేస్తే చేప కొనడం, తోమడం అప్పటికే అయిపోయి ఉంటుంది. ఇలా చెప్తే సరిపోతుంది:

"అన్నా, రేపు ఆదివారం పన్నెండుంబావుకి పన్నెండు మందిమి వస్తన్నాం. నలుగురు చిన్నపిల్లోళ్ళు, ఇద్దరు శాకాహారులు. కొర్రమీను పులుసు ఆరు ప్లేట్లు తీసి పెట్టండి. అడ్వాన్స్ ఫోన్‌పే చేయమంటారా?"

అడ్వాన్స్ అడక్కపోయినా ఇస్తానడం మంచిది. చిన్న మెస్సులు బల్లలు ఆపి ఉంచడానికి వెనకాడేది ఇందుకే: చెప్పినవాళ్ళు రాకపోతే వాళ్ళ గంట వ్యాపారం పోతుంది. బల్లలు ఆపమని పట్టుబట్టకుండా ముక్కలు మాత్రం తీసి ఉంచమంటే ఒప్పుకునేవాళ్ళే ఎక్కువ.

వేళ, చోటు

పన్నెండుంబావు మంచి వేళ. పులుసు దించి గంట దాటి ఉంటుంది, ముక్కకి పులుపు పట్టి ఉంటుంది, వేపుడు అప్పుడే మొదటి వాయి దిగుతుంది. మామూలు రోజుల్లో ఒంటిగంట నుంచి ఆఫీసులవాళ్ళు, కోర్టువాళ్ళు వస్తారు. పొగతోట వైపు ఆస్పత్రులకి వచ్చినవాళ్ళు కూడా అప్పుడే తినడానికి బయటికొస్తారు. ఆదివారం రద్దీ ఒంటిగంటకి మొదలై రెండున్నర దాకా తగ్గదు.

పన్నెండు మందికి ఒకే వరస దొరకాలని పట్టుబట్టకండి. నలుగురేసి కూర్చునే బల్లలు మూడు పక్కపక్కన దొరికితే చాలు. ముసలివాళ్ళని చేతులు కడిగే తొట్టికి దగ్గరగా, నడవ వైపు కూర్చోబెట్టాలి. గోడవైపు ఇరికిస్తే లేవడానికి పక్కవాళ్ళందర్నీ లేపాలి. పిల్లల్ని నడవ వైపు అసలు కూర్చోబెట్టకూడదు, ఎందుకంటే చారు బకెట్, సాంబారు బకెట్ అటే తిరుగుతుంటాయి, వేడిగా. ఇది చాలామంది పట్టించుకోని విషయం.

కారు దూరంగా ఆపి ఇంకా నడిచొస్తున్నవాళ్ళ కోసం ఖాళీ బల్ల పట్టి ఉంచితే మిగతా గిరాకీకి కోపం వస్తుంది, వడ్డించేవాళ్ళూ ఇరుకునపడతారు. ట్రంకు రోడ్డు, వీఆర్సీ సెంటర్ చుట్టుపక్కల కారు పెట్టే చోటు దొరకడానికి పావుగంట పట్టొచ్చు. అందుకని మనుషుల్ని దింపి ఒక్కరే కారు తీసుకెళ్ళాలి.

ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి

అన్‌లిమిటెడ్ భోజనాన్ని ఇద్దరు పంచుకోవడం ఏ మెస్సులోనూ ఒప్పుకోరు. ఐదేళ్ళలోపు పిల్లలకి పెద్దవాళ్ళ ఆకులోంచి నాలుగు ముద్దలు పెడితే ఎవరూ ఏమీ అనరు. ఆరు నుంచి పదేళ్ళ పిల్లలకి ప్లేట్ మీల్స్ ఉందా అని అడగండి, లేకపోతే పూర్తి భోజనమే చెప్పండి. దానిమీద వాదించడం దండగ.

స్పెషల్ చెప్పేముందు మూడు అడగాలి: ఏం చేప, ప్లేటుకి ఎన్ని ముక్కలు, ఎంత. కొన్నిచోట్ల ధర ప్లేటుకి కాదు, ముక్కకి. అది తెలియక ఆరు ప్లేట్లు అనుకుని పన్నెండు ముక్కల బిల్లు కట్టినవాళ్ళున్నారు. ముళ్ళ విషయంలో వంజరం, కొర్రమీను పిల్లలకి, బయటి ఊరివాళ్ళకి భయంలేని చేపలు. బొచ్చె, శీలావతి రుచే, కానీ కండలో సన్నటి చీలికముళ్ళుంటాయి కాబట్టి అలవాటు లేనివాళ్ళకి తోకవైపు ముక్క వద్దు, పొట్టవైపు ముక్క అడగండి. బొమ్మిడాయిల పులుసు బోర్డుమీద రాసిన రోజునే దొరుకుతుంది. కనబడితే అందరికీ కలిపి రెండు ప్లేట్లు చెప్పి రుచి చూపించండి, నచ్చినవాళ్ళకి తర్వాత చెప్పొచ్చు.

ఇద్దరికి ఒక చేప ప్లేటు, నలుగురికి ఒక వేపుడు. ఇంతకు మించి మొదట చెప్పకండి. ఆకుమీద పప్పు, కూర, పచ్చడి, పొడి, చారు, పెరుగు ఉండనే ఉంటాయి. అందరూ ఒక్కో స్పెషల్ చెప్తే మొదటి అన్నంలోనే కడుపు నిండిపోయి చారు దాకా ఎవరూ రారు. చేపల మెస్సులో చారు మంచిగా ఉంటే మిగతా వంట కూడా మంచిగా ఉన్నట్టే, దాన్ని వదలకూడదు.

శాకాహారుల గురించి ముందే మాట్లాడుకోవాలి. నీచు మెస్సులో వేపుడు పెనం, గరిటెలు వేరుగా ఉన్నాయా అని అడిగితే చాలామంది దాచకుండా చెప్తారు. పట్టింపు గట్టిగా ఉన్నవాళ్ళు ఉంటే ఆ పూట శాకాహార భోజనం హోటల్‌కే పోవడం మంచిది. ఒకరిని మొహమాటంలో కూర్చోబెట్టి పదకొండు మంది తినడం బాగోదు.

ఆకుముందు

ఆకు కొస ఎడమచేతి వైపు ఉండాలి. పొడి, నెయ్యితో మొదలుపెట్టి పప్పు, తర్వాత కూర, పులుసు, చారు, పెరుగు. కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటే: మొదటిసారే అన్నం నిండా పెట్టించుకోవడం. మొదటి విడత ఒక గరిటెడు చాలు, ఒక్కో దానికి మళ్ళీ అడిగి వేయించుకోవచ్చు. వద్దనుకుంటే వడ్డించేవాళ్ళు వంగకముందే ఆకుమీద చేయి అడ్డం పెట్టాలి. వాళ్ళు వేశాక వద్దనడం వల్ల పారేయాల్సి వస్తుంది.

కారం అలవాటు లేని స్నేహితులకి పొడిలో నెయ్యి రెట్టింపు, పులుసు సగమే. నీళ్ళు తాగితే కారం తగ్గదు, పెరుగు ముద్ద తినిపించండి. మిరపకారంలోని మంట నీళ్ళలో కరగదు, పాల కొవ్వులో కరుగుతుంది.

సాయంత్రం టిఫినైతే

కారం దోశకి లెక్క వేరు. పెనంమీద ఒక విడతకి నాలుగో ఆరో దోశలు పడతాయి, ఒక్కో విడతకి నాలుగైదు నిమిషాలు. పన్నెండు మంది ఒకేసారి పన్నెండు నెయ్యికారం దోశలు చెప్తే మొదటివాళ్ళు తినేశాక గాని ఆఖరివాళ్ళకి రావు. పైగా రద్దీలో పెనం వేడి తగ్గి దోశ మెత్తబడుతుంది. ముందు అందరికీ ఇడ్లీ, వడ చెప్పండి, అవి సిద్ధంగా ఉంటాయి. దోశలు నాలుగేసి చొప్పున చెప్పండి, వచ్చినవి వచ్చినట్టు మధ్యలో పెట్టి తుంచుకు తినండి. కారం దోశ చల్లారితే ఎర్రగడ్డ, తెల్లగడ్డ కారం తడికి అట్టు సాగిపోతుంది, పైన చల్లిన పప్పుల పొడి ముద్దవుతుంది. రెండు నిమిషాలకి మించి ఆగకూడదు. పిల్లల దోశలు "కారం లేకుండా, పప్పుల పొడి ఒక్కటే" అని విడిగా చెప్పాలి, లేకపోతే అన్నీ ఒకే చేత్తో పూసేస్తారు.

బిల్లు దగ్గర

బిల్లు కోసం కౌంటర్ దగ్గర చేతులు పట్టుకుని లాగులాడుకునే అలవాటు మనకుంది. కట్టదల్చుకున్నవాళ్ళు చెయ్యి కడగడానికి లేచినప్పుడే కట్టేయాలి. యజమానికి ముందే చెప్తే ఇంకా మంచిది.

మామూలు హోటల్లో జీఎస్టీ 5 శాతం, అది 2.5, 2.5గా విడదీసి కనబడుతుంది. కాంపోజిషన్ పథకంలో (మొత్తం అమ్మకాలమీద పన్ను తామే కట్టుకునే పద్ధతి) ఉన్న చిన్న హోటళ్ళు గిరాకీ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు. ఆ సంగతి వాళ్ళ బిల్లుమీదే రాసి ఉండాలి. సర్వీస్ ఛార్జి దానంతటదే వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. చిన్న మెస్సుల్లో ఈ గొడవే ఉండదు. కొత్తగా ఏసీ గది పెట్టినచోట ఒకసారి బిల్లు చూసుకోండి. తీసేయమంటే తీసేయాలి, ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. వడ్డించినవాళ్ళకి ఇచ్చేది చేతికే ఇవ్వండి, పన్నెండు మందికి ఇద్దరు వడ్డిస్తే ఇద్దరికీ.

ఏదైనా బాగోలేకపోతే బల్లదగ్గర గట్టిగా అనకుండా కౌంటర్ దగ్గర మెల్లగా చెప్పండి. "పులుసులో చింతపండు ఎక్కువైంది" అంటే రేపు వాళ్ళు సరిచేసుకోగలరు. "ముందులాగా లేదు" అంటే ఏం సరిచేయాలో వాళ్ళకి అర్థం కాదు.

పార్సిల్

ఊరికి తిరిగి వెళ్ళేవాళ్ళు పులుసు తీసుకెళ్ళాలనుకుంటారు. మరుసటి రోజుకి పులుసు ఇంకా బాగుంటుందన్నది నిజమే, అయితే దారిలో పాడు కాకుండా ఉంటేనే. ఇంటినుంచి మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా తీసుకెళ్ళండి. వేడి పులుసు పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో పోయించకండి. వేడిమీద మూత బిగిస్తే లోపల ఆవిరి నీరై కారుతుంది, పులుసు త్వరగా చెడుతుంది. మూత వారగా పెట్టి చల్లారనిచ్చి అప్పుడు బిగించాలి. చెన్నై దాదాపు 175 కిలోమీటర్లు, మూడు నాలుగు గంటల దారి. వేసవిలో అయితే ఐస్ పెట్టిన సంచిలో పెట్టుకోవాలి, ఇంటికి చేరగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. అన్నం మాత్రం తీసుకెళ్ళవద్దు, ఇంటికెళ్ళి వండుకోండి. బయట గంటలకొద్దీ ఉన్న అన్నంలో పెరిగే బాక్టీరియా వదిలే విషం మళ్ళీ వేడిచేసినా పోదు.

పులుసుని తిరిగి వేడిచేసేటప్పుడు గరిటె పెట్టి తిప్పితే ముక్కలు చిదిరిపోతాయి. గిన్నెని రెండు చేతులతో పట్టుకుని గుండ్రంగా ఊపాలి, బాగా తెర్లేదాకా కాయాలి. మలైకాజా కొంటే ఊరు బయలుదేరే ముందు ఆఖరున కొనండి. పాలతో చేసింది కనుక మండుటెండలో కారులో పెట్టి ఊరంతా తిప్పితే సాయంత్రానికే వాసన మారుతుంది.