పాత పేవర్ బ్లాకుల దారి మళ్లీ పరుచుకుందాం – 2వ పాఠం: అడుగు, అంచు, ఇసుక

గత పాఠంలో గేటు నుంచి వరండా దాకా బ్లాకులన్నీ ఊడదీసి, అంటిన మట్టి గీకి, గోడవారన పేర్చి పెట్టాం. విప్పేముందు దిగిన చోట్ల సుద్దతో గీసి ఫోటోలు తీసుకోమన్నాం. అవి ఇప్పుడు చేతిలో ఉండాలి.

దిగిన చోట నాలుగు బ్లాకులు లేపి, కింద ఇసుక పోసి, మళ్లీ కొట్టేయడం మన దగ్గర అలవాటు. ఒక్క వానాకాలం గడిచేసరికి అదే చోట అదే గుంట తేలుతుంది. ఇసుక పరుపు ఎంత మందమైతే అంత ఎక్కువ కుంగుతుంది. అందుకే గుంట అడుగున ఉన్న కారణం పట్టుకోకుండా ఇసుక జోలికి పోవద్దు.

గుంట ఆకారమే కారణం చెప్పేస్తుంది. కారు చక్రాలు నడిచే బాటలో రెండు చారలుగా దిగితే, కింద పరుపు పల్చగా ఉందని అర్థం. చాలా ఇళ్లలో పిక్క (కంకర రాయి) వేయకుండా ఎర్ర గ్రావెల్ ఒక్కటే పోసి దాని మీదే బ్లాకులు పరిచేస్తారు. మట్టి పాలు ఎక్కువున్న గ్రావెల్ ఎండలో రాయిలా ఉంటుంది, వానకు నాని మెత్తబడుతుంది. అంచున బ్లాకులు బయటికి జరిగి సందులు వెడల్పయితే తప్పు అంచు కట్టుది. ఒకేచోట గిన్నెలా గుంట పడితే రెండు అనుమానాలు: కింద కుళాయి పైపు కారుతోంది, లేదా పందికొక్కు బొరియ ఉంది. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు తిరుగుతోందేమో చూడండి. మీటరు లేకపోతే ఆ చోట ఒక అడుగు తవ్వి, మర్నాడు పొద్దున తడి చూడండి. బొరియ అయితే గునపంతో దాని చివరిదాకా వెళ్లాలి. మట్టి పోసి కప్పితే మళ్లీ తవ్వేస్తుంది. 1:4:8 కాంక్రీటు (సిమెంటు ఒక పాలు, ఇసుక 4, పిక్క 8) పోసి కూరండి.

ఇక కొలతలు. ఇక్కడి లెక్కలన్నీ 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున్న దారికి, 60 ఎం.ఎం. మందం బ్లాకుకు. ముందు మేకులు పాతి, ట్యూబ్ లెవెల్‌తో (నీళ్లు నింపిన సన్నటి గొట్టం) మట్టం చూసి, పూర్తయ్యాక బ్లాకు పైభాగం ఎక్కడికి రావాలో అక్కడ దారం కట్టండి. వాటం (నీరు పోయే వాలు) నాలుగు అడుగులకు ఒక అంగుళం. అంటే 20 అడుగులకు ఇంటి వైపు నుంచి గేటు వైపుకు 5 అంగుళాలు దిగాలి. రోడ్డు మీద రోడ్డు వేసి వీధే ఇంటికంటే ఎత్తయిపోయిన చోట ఈ వాటం కుదరదు. అప్పుడు అడ్డంగా, కాలువ ఉన్న వైపుకు రెండున్నర అంగుళాలు దించండి. ఎట్టి పరిస్థితిలోనూ నీరు పునాది వైపు పోకూడదు.

దారం నుంచి కిందికి లెక్క ఇలా వస్తుంది. బ్లాకు 60 ఎం.ఎం., కుదురుకున్న ఇసుక 40 ఎం.ఎం., కలిపి 100 ఎం.ఎం., అంటే 4 అంగుళాలు. దాని కింద పిక్క పరుపు 6 అంగుళాలు. మొత్తం 10 అంగుళాలు. పాత పరుపు గట్టిగా ఉన్నచోట కదపక్కర్లేదు. మడమతో గట్టిగా తొక్కితే గుంట పడేచోట మాత్రం తవ్వి తీసేయాలి. అడుగున నల్లమట్టి తగిలితే ఇంకో 2 అంగుళాలు దిగి, జియో టెక్స్‌టైల్ గుడ్డ పరవండి. అది లేకపోతే పిక్క మెల్లగా బురదలోకి దిగిపోతుంది.

తవ్వగానే అంచు కట్టండి. పాత అంచు ఇటుకతో కట్టి ఉంటే తీసేయండి, చక్రం ఒత్తిడికి ఇటుక నిలవదు. రెండు పక్కలా 6 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల లోతున 1:2:4 కాంక్రీటు పోయాలి. 40 అడుగుల పొడవుకు సుమారు 4 బస్తాల సిమెంటు, 9 ఘనపుటడుగుల ఇసుక, 18 ఘనపుటడుగుల 20 ఎం.ఎం. పిక్క పడతాయి. దాని పైమట్టం దారానికి అర అంగుళం కింద ఉంచితే నీరు ఆగదు. ఏడు రోజులు తడపాలి. ఆ వారం దాటేదాకా పక్కన ఏదీ దిమ్మిస కొట్టొద్దు, పచ్చి కాంక్రీటు బీటలు వారుతుంది.

పరుపుకు 40 ఎం.ఎం. పిక్కలో చిన్న చిప్స్ (సన్న పిక్క), డస్ట్ (రాతి పొడి) కలిసిన మిశ్రమం కావాలి. ఒకే సైజు పిక్క వేస్తే సందులు మిగిలి, పైన ఇసుక వాటిలోకి రాలిపోతుంది. దారంతా కొత్తగా వేస్తే గట్టిపడ్డాక 100 ఘనపుటడుగులు, అంటే ఒక యూనిట్. కొట్టేకొద్దీ కుంగుతుంది కాబట్టి 130 తెప్పించండి. ట్రాక్టరు లోడు అన్న మాటను నమ్మకుండా తొట్టె పొడవు, వెడల్పు, సరుకు ఎత్తు టేపుతో కొలిచి దించుకోండి.

6 అంగుళాలూ ఒకేసారి పోసి కొడితే పైన గట్టిపడుతుంది, అడుగు వదులుగానే ఉంటుంది. 3 అంగుళాల చొప్పున రెండు వరసలు వేయండి. తడి సరిపోయిందో లేదో చూడడానికి మిశ్రమంలోని మెత్తటి పాలు గుప్పెట్లో పిండండి. ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. ప్లేట్ వైబ్రేటర్ (అదురుతూ నేలను గట్టిపరిచే మిషన్) అద్దెకు దొరికితే వరసకు మూడు నాలుగు సార్లు తిప్పండి. దొరక్కపోతే చేతి దిమ్మిసతో చేయొచ్చు, కాకపోతే చోటు విడవకుండా కొట్టాలి. అంచువారన మిషన్ పట్టదు, అక్కడ చేత్తోనే. చివర్లో 10 అడుగుల బద్ద పెట్టి చూస్తే కింద 10 ఎం.ఎం. మించి సందు కనబడకూడదు. ఎత్తుపల్లాలు ఈ దశలోనే సరిచేయాలి.

ఇసుక విషయంలో మన ఉత్తరాంధ్ర జిల్లాలవారు అదృష్టవంతులు. నాగావళి, వంశధార, చంపావతి ఇసుకలో గరుకు గింజ దొరుకుతుంది. సముద్రపు ఇసుక తీరానికి దగ్గరని తెచ్చుకోవద్దు. సన్నటి, గుండ్రటి గింజ పట్టు నిలవదు, అందులోని ఉప్పు బ్లాకుల మీద తెల్లగా పొంగుతుంది. క్రషర్ డస్ట్ కూడా వద్దు, అందులో మెత్తటి పొడి నీటిని పట్టి ఉంచుతుంది. విప్పినప్పుడు వచ్చిన పాత ఇసుక మొక్కలకు వాడుకోండి. కొత్త ఇసుకను గాజు సీసాలో పోసి, ఉప్పునీళ్లు కలిపి బాగా ఊపి, మూడు గంటలు కదపకుండా ఉంచండి. 100 ఎం.ఎం. ఇసుక మీద 8 ఎం.ఎం. కంటే మందంగా ఒండ్రు పేరుకుంటే కడగాలి, లేదా వేరేది తెప్పించాలి.

50 ఎం.ఎం. చదరపు ఇనుప పైపులు రెండు, 6 అడుగుల ఎడంగా పరుపు మీద పెట్టి, మధ్యలో ఇసుక పోసి, బద్దతో లాగండి. వదులు ఇసుక 50 ఎం.ఎం. ఉంటే బ్లాకు దారం కంటే 10 ఎం.ఎం. పైకి నిలుస్తుంది. కంగారుపడొద్దు, మిషన్ తిప్పాక ఆ 10 ఎం.ఎం. దిగి మట్టానికి వస్తుంది. పైపులు తీసిన గాళ్లు చేత్తో పూడ్చండి. లాగిన ఇసుక మీద కాలు పెట్టకూడదు. మొత్తం దారికి 37 ఘనపుటడుగుల ఇసుక తెప్పిస్తే చాలు. ఆ రోజు పరచగలిగినంత మేరకే లాగండి, మిగతా కుప్ప మీద టార్పాలిన్ కప్పండి.

ఈ పనంతా సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి మృగశిర కార్తె లోపు ముగించేలా చూసుకోండి. తెరిచి ఉంచిన పరుపు మీద ఒక గట్టి వాన పడినా డస్ట్ కొట్టుకుపోయి పిక్క తేలుతుంది, మళ్లీ మొదటి వరస నుంచి చేయాలి.

వచ్చే పాఠంలో బ్లాకులు పరచడం, అంచు ముక్కలు కోయడం. దానికి రబ్బరు సుత్తి, డైమండ్ బ్లేడున్న కట్టర్, విరిగినవాటి బదులు అదే మందం ఉన్న 20, 30 బ్లాకులు సిద్ధం చేసుకోండి. కొత్తవి కొనేముందు పాత బ్లాకు ఒకటి చేత పట్టుకెళ్లి, పక్కపక్కన పెట్టి మందం పోల్చండి. 3 ఎం.ఎం. తేడా ఉన్నా ఆ చోట కాలికి తగులుతుంది.