పాత బుల్లెట్ 350 ఇంజిన్‌ను ఇంట్లోనే విప్పి బాగుచేసుకోవడం ఎలా?

ఇది క్యాస్ట్ ఐరన్ బ్యారెల్ ఉన్న పాత బుల్లెట్ గురించి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైనప్పటి నుంచి 2000ల చివర్లో యూసీఈ ఇంజిన్ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉండేది) వచ్చేదాకా ఈ ఇంజిన్ మూలరూపం పెద్దగా మారలేదు. బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 70 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 90 మి.మీ., మొత్తం 346 సీసీ. ఒక్కటే సిలిండర్, రెండే వాల్వులు, పుష్ రాడ్లు, పాయింట్లు (స్పార్క్ ఇప్పించే స్విచ్చు), చిన్న కార్బొరేటర్. లోపల కంప్యూటర్ ఏమీ లేదు. చేతి పనిముట్లు, ఓపిక ఉన్నవాళ్లు ఇంటి వరండాలోనే దీని పైభాగాన్ని, అంటే హెడ్, బ్యారెల్, పిస్టన్‌ను విప్పి మళ్లీ బిగించుకోవచ్చు.

ఒక్క షరతు. కొలవకుండా దేన్నీ కొనొద్దు, దేన్నీ మార్చొద్దు. పాత బండి విషయంలో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. పొగ వస్తోందనగానే పిస్టన్ సెట్టు కొనేస్తారు, తీరా చూస్తే జబ్బు వాల్వు గైడుల్లో, అంటే వాల్వు కాడ కదిలే గొట్టాల్లో ఉంటుంది.

ముందు జబ్బేంటో తేల్చుకోండి

నీలం పొగ ఎప్పుడు వస్తోందో చూడండి. యాక్సిలరేటర్ ఇచ్చి ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఆగకుండా వస్తే రింగులు, బోరు అరిగాయనే అనుమానించాలి. వేగంగా వెళ్తూ యాక్సిలరేటర్ వదిలేసి మళ్లీ ఇచ్చినప్పుడు గుప్పున వస్తే వాల్వు గైడుల మీద అనుమానం. ఇక మూడో రకం: వారం పది రోజులు నిలబెట్టిన బండిని స్టార్ట్ చేయగానే పొగ కమ్మేసి, కాసేపటికి తగ్గిపోతుంది. బండి కదలకుండా ఉన్నప్పుడు ఆయిల్ పంపు గుండా క్రాంక్‌కేసులోకి (ఇంజిన్ కింది డబ్బాలోకి) మెల్లగా దిగుతుంది, ఆ ఆయిలే కాలుతుంది. ఈ ఇంజిన్‌కు అది మామూలే. దాని కోసం బోరు కొట్టించాల్సిన, అంటే సిలిండర్‌ను లోపల పెద్దది చేయించాల్సిన పని లేదు.

తర్వాత కంప్రెషన్. ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉంచి, కిక్‌ను కంప్రెషన్ తగిలేదాకా దించి, దాని మీద బరువు వేసి నిలబడండి. ఆరోగ్యమైన ఇంజిన్ కొన్ని క్షణాలు మోసి, మెల్లగా దిగుతుంది. వెంటనే జారిపోతే ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి, నాలుగైదు సార్లు కిక్ తిప్పి, ప్లగ్గు బిగించి మళ్లీ చూడండి. బలం పెరిగిందంటే లీకు రింగుల దగ్గర. ఏమీ మారలేదంటే వాల్వుల దగ్గర. డీకంప్రెసర్ (కిక్ తేలిక చేయడానికి కంప్రెషన్ వదిలే మీట) కేబుల్ మరీ బిగుతుగా ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి, ముందు ఆ కేబుల్‌కు కొంచెం వదులు ఉందో లేదో చూసుకోవడం మంచిది.

శబ్దం కూడా వినండి. చల్లగా ఉన్నప్పుడు టకటకమని, వేడెక్కాక తగ్గిపోతే అది పిస్టన్ స్కర్ట్ బోరుకు తగిలే చప్పుడు. వేడెక్కాక లోపలి నుంచి బరువైన దెబ్బలా వినిపిస్తూ, లోడు మీద పెరిగితే అది కనెక్టింగ్ రాడ్ బిగ్ ఎండ్ (క్రాంక్‌కు పట్టే కింది కొస). దానికి క్రాంక్ బయటికి తీసి, ప్రెస్సు మీద విడదీసి, మళ్లీ సరిగ్గా నిలబెట్టాలి. ఆ పని ఇంట్లో అవ్వదు. అనుభవమున్న క్రాంక్ షాపుకు ఇవ్వండి.

విప్పడం

కావాల్సినవి: స్పానర్లు, సాకెట్ సెట్టు, టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపేది), ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పల్చటి రేకులు), డెప్త్ గేజ్ ఉన్న వెర్నియర్, సర్‌క్లిప్ ప్లయర్, రబ్బరు సుత్తి, మల్టీమీటర్. పాత బండ్లలో బ్రిటిష్ కొలతల నట్లు, మెట్రిక్ నట్లు కలిసి ఉంటాయి. సరిగ్గా పట్టని స్పానర్‌తో బలవంతం చేస్తే నట్టు మూలలు అరిగిపోతాయి.

ఇంజిన్ బయటి మట్టిని డీజిల్‌తో, బ్రష్‌తో బాగా కడగండి. ఫిన్నుల (ఇంజిన్‌ను చల్లబరిచే రేకుల) మధ్య ఇసుక రేణువు ఒక్కటి లోపల పడినా కొత్త బోరు మీద గీత పడుతుంది. బ్యాటరీ వైరు తీసేయండి. పెట్రోల్ ట్యాంకు, సైలెన్సర్ పైపు, కార్బొరేటర్, ప్లగ్గు తీయండి. రాకర్లకు (వాల్వులను నొక్కే మీటలకు) ఆయిల్ తీసుకెళ్లే సన్న పైపు విప్పేటప్పుడు దాని రాగి వాషర్లు పారేయకండి. కొత్తవి దొరక్కపోతే పాతవాటినే ఎర్రగా కాల్చి, మెత్తబరిచి వాడుకోవచ్చు. ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయండి.

రాకర్ కవర్లు తీశాక పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ పైకొనకు తెచ్చి రాకర్ బ్లాకులు విప్పండి. ఇన్‌లెట్‌వి, ఎగ్జాస్ట్‌వి కలపకూడదు. పుష్ రాడ్లూ అంతే. ఎక్కడివి అక్కడికే వెళ్లాలి. హెడ్ నట్లను ఒక్కసారిగా తీయకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేయండి. ఒకే మూల ముందు వదిలితే హెడ్ వంకర పోయే ప్రమాదం ఉంది.

బ్యారెల్ దగ్గర చాలామంది తడబడతారు. కుడివైపు ట్యాపెట్ (పుష్ రాడ్‌ను కింది నుంచి నెట్టే ముక్క) కవర్ వెనకాల, ఆ గదిలో బ్యారెల్‌ను పట్టి ఉంచే నట్టు దాగి ఉంటుంది. అది తీయకుండా బ్యారెల్ రావట్లేదని సుత్తితో కొడితే క్యాస్ట్ ఐరన్ ఫిన్ను పుటుక్కున విరుగుతుంది. అది తీశాక బ్యారెల్‌ను కొద్దిగా పైకి ఎత్తి, క్రాంక్‌కేసు నోటిని శుభ్రమైన గుడ్డతో మూసి, అప్పుడే పూర్తిగా తీయండి. పిస్టన్ పిన్నును పట్టి ఉంచే సర్‌క్లిప్ ముక్క లోపల పడితే ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది.

పిస్టన్ పిన్ను బిగుతుగా ఉంటే కొట్టకండి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వేడినీళ్లలో ముంచిన గుడ్డ పిస్టన్‌కు చుట్టి కాసేపు ఉంచితే పిన్ను వేలితో నెడితేనే జారుతుంది. ఇప్పుడు రాడ్‌ను పైకొనకు తెచ్చి, రెండు చేతులతో నిలువుగా పైకీ కిందికీ లాగి చూడండి. అడ్డంగా కొంచెం ఊగడం సహజమే. నిలువుగా ఏమాత్రం ఆట తగిలినా అక్కడితో ఆపేయండి. కింద అరిగిన బిగ్ ఎండ్ ఉంచుకుని పైన కొత్త పిస్టన్ వేస్తే, పెరిగిన కంప్రెషన్ దాన్ని ఇంకా త్వరగా పాడుచేస్తుంది.

కొలతలు, లేత్ షాపు

బోరు పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలవాలి. ప్రతిచోటా ముందు వెనకలుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. పై రింగు ఆగే చోటికి కాస్త కింద, ముందు వెనకల దిశలో అరుగుదల ఎక్కువ ఉంటుంది. అక్కడికీ అరగని అట్టడుగుకీ మధ్య తేడా 0.1 మి.మీ. దాటితే బోరు కొట్టించడమే నయం. అంత లేకపోతే హోనింగ్ (బోరు లోపల సన్నటి గీతలు పడేలా రుద్దడం) చేయించి కొత్త రింగులు వేస్తే చాలు.

ఓవర్‌సైజ్ పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. చొప్పున దొరుకుతాయి. షాపుల్లో పది, ఇరవై, ముప్పై, నలభై థౌ (అంగుళంలో వెయ్యో వంతు) అంటారు. గీతలు పోయే అతి చిన్న సైజే తీసుకోండి, భవిష్యత్తులో మళ్లీ కొట్టించడానికి లోహం మిగలాలి. పిస్టన్ ముందు కొనండి, దాన్ని బ్యారెల్‌తో పాటు తీసుకెళ్లి, దాని కొలతకే బోరు కొట్టమనండి. బోరు కొట్టించి తర్వాత పిస్టన్ వెతుక్కుంటే గ్యాప్ మీ చేతిలో ఉండదు. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో పాత బుల్లెట్ సామాను అడిగితే దొరుకుతుంది. పెట్టె మీద బ్రాండు పేరు చూసి నమ్మేయకుండా పిస్టన్‌ను అక్కడే మైక్రోమీటర్‌తో కొలిపించండి.

షాపు నుంచి వచ్చిన బ్యారెల్ మెరుస్తూ ఉంటుంది కానీ, హోనింగ్ పొడి ఆ గీతల్లోనే ఇరుక్కుని ఉంటుంది. పెట్రోల్‌తో కడిగితే పోదు. వేడినీళ్లు, బట్టల సబ్బుతో బ్రష్ పెట్టి రుద్దండి. తెల్లగుడ్డతో తుడిస్తే మసి అంటకుండా పోయేదాకా రుద్దుతూనే ఉండాలి. ఆరగానే వెంటనే ఆయిల్ పూయండి, క్యాస్ట్ ఐరన్ చూస్తుండగానే తుప్పు పడుతుంది.

హెడ్ అల్యూమినియం. దాని మీది కార్బన్‌ను ఇనుప స్క్రూడ్రైవర్‌తో కాకుండా గట్టి చెక్కముక్కతో గీకండి. వాల్వులు హెడ్‌లోనే ఉండగా పోర్టులో పెట్రోల్ పోసి చూడండి. సీటు దగ్గర చెమర్చితే లాపింగ్ పేస్ట్ (అరగదీసే గరుకు ముద్ద) పెట్టి అటూ ఇటూ తిప్పుతూ రుద్దాలి. సీటు చుట్టూ తెగకుండా సన్నటి బూడిద రంగు పట్టీ వచ్చేదాకా చేసి, పేస్ట్ ఆనవాలు లేకుండా కడగండి. గైడులో వాల్వు ఊగుతుంటే గైడు మార్చే పని షాపుకే వదిలేయండి, హెడ్‌ను సరిగ్గా వేడి చేయాలి.

బిగించడం

ప్రతి రింగునూ విడిగా బోరులో పెట్టి, పిస్టన్‌తో కొంచెం లోపలికి నెట్టి సమంగా నిలబెట్టి, కొసల మధ్య గ్యాప్ కొలవండి. 70 మి.మీ. బోరుకు దాదాపు 0.3 మి.మీ. ఉండాలి. తక్కువుంటే కొసను సన్న ఆకురాయితో కొద్దికొద్దిగా రుద్దండి. గ్యాప్ చాలకపోతే వేడికి కొసలు గుద్దుకుని రింగు విరుగుతుంది. గుర్తున్న వైపు పైకి వచ్చేలా పిస్టన్‌కు ఎక్కించి, మూడు రింగుల గ్యాప్‌లు ఒకే వరుసలో లేకుండా చుట్టూ సమంగా పంచండి. సర్‌క్లిప్‌లు ఎప్పుడూ కొత్తవే.

బ్యారెల్ దించాక, హెడ్ వేయకముందే ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఏ క్షణాన పడాలో సరిచేసే) పని సగం చేసేసుకోవడం తెలివైన పద్ధతి. ప్లగ్గు రంధ్రం ఏటవాలుగా ఉంటుంది, అందులోంచి పుల్ల పెట్టి కొలిస్తే లెక్క తప్పుతుంది. హెడ్ లేనప్పుడు డెప్త్ గేజ్‌ను నేరుగా పిస్టన్ మీద పెట్టొచ్చు. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, టాప్ గేరులో పెట్టి, వెనక చక్రాన్ని ముందుకు తిప్పుతూ పిస్టన్‌ను పైకి తెండి. రెండు ట్యాపెట్లూ దిగి ఉంటే అది కంప్రెషన్ స్ట్రోక్. పైకొనకు 0.8 మి.మీ. ముందు ఆపండి. దాటిపోతే బాగా వెనక్కి తిప్పి మళ్లీ ముందుకే రావాలి, లేదంటే గేర్ల మధ్య ఆట వల్ల తేడా వస్తుంది.

పాయింట్ల గ్యాప్ పూర్తిగా తెరుచుకున్న చోట 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. అది సరిచేశాకే టైమింగ్, ఎందుకంటే గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది. పిస్టన్ 0.8 దగ్గర, అడ్వాన్స్ బరువులు (వేగం పెరిగితే టైమింగ్‌ను ముందుకు జరిపేవి) పూర్తిగా వెనక్కి ఉన్న స్థితిలో, పాయింట్లు అప్పుడే విడిపోవాలి. దీనికి బండి అమ్మీటరే (కరెంటు ఎటు పోతోందో చూపే మీటరు) చాలు. బ్యాటరీ వైరు మళ్లీ తగిలించి ఇగ్నిషన్ ఆన్ చేస్తే, పాయింట్లు మూసి ఉన్నంతసేపు ముల్లు డిశ్చార్జ్ వైపు వాలి ఉంటుంది, విడిపోగానే మధ్యకు వస్తుంది. పాయింట్ల ప్లేటును మెల్లగా జరుపుతూ సరిగ్గా ఆ క్షణం దగ్గర బిగించండి. పాయింట్లు మూసి ఉండగా ఇగ్నిషన్ అలాగే వదిలేయొద్దు, కాయిల్ వేడెక్కుతుంది.

తర్వాత కొత్త ప్యాకింగ్‌తో హెడ్ దించి, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లోని టార్క్‌కు మూడు విడతల్లో, ఎదురెదురుగా బిగించండి. పుష్ రాడ్లు, రాకర్లు ఎక్కడివి అక్కడ.

ట్యాపెట్లు

ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి, కంప్రెషన్ పైకొనలో ఉండాలి. పుష్ రాడ్ వేలితో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆట ఉండకూడదు. అంటే సున్నా గ్యాప్. వేడెక్కినప్పుడు బ్యారెల్, హెడ్ పెరిగి గ్యాప్ దానంతటదే వస్తుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు ఉంచనక్కర్లేదు. లాక్ నట్టు బిగించాక మళ్లీ తిప్పి చూడండి, బిగింపుతో కొలత జరుగుతుంది. అసలు తిరగకపోతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది.

ఆయిల్, మొదటి స్టార్ట్

కొత్త 20డబ్ల్యు-50 ఆయిల్ పోసి, ప్లగ్గు తీసి ఉంచి, రాకర్ పైపు పైబోల్టు ఒకటి వదులు చేసి కిక్ తిప్పుతూ ఉండండి. అక్కడ ఆయిల్ ఊరేదాకా స్టార్ట్ చేయొద్దు. టైమింగ్ కవర్ తీసి ఉంటే అందులోని చిన్న కార్క్ సీలు తప్పకుండా కొత్తది వేయండి. బిగ్ ఎండ్‌కు ఆయిల్ వెళ్లేది దాని గుండానే. నలిగిన కార్క్ ఎన్నో మంచి క్రాంకుల ప్రాణం తీసింది.

స్టార్ట్ అయ్యాక రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. ఇలా రెండు మూడుసార్లు. గాలితో చల్లబడే ఇంజిన్‌ను నిలబెట్టి గంటసేపు ఆడించకూడదు. చల్లారాక హెడ్ నట్లు మళ్లీ టార్క్‌కు చూసి, ఆ తర్వాతే ట్యాపెట్లు సరిచేయండి.

కార్బొరేటర్ చివరికి

వాల్వులు, ఇగ్నిషన్ సరిగ్గా ఉన్నాకే కార్బొరేటర్ ముట్టుకోవాలి. ఈ బండ్లలో ఎక్కువగా ఉండే మిక్‌కార్బ్ వీఎం24కు నీడిల్ క్లిప్ మధ్య గాడిలో, ఎయిర్ స్క్రూ పూర్తిగా మూసి ఒకటిన్నర చుట్టు వెనక్కి, ఇది మొదలుపెట్టడానికి మంచి చోటు. పది కిలోమీటర్లు తిప్పి వేడెక్కించాక, ఎయిర్ స్క్రూను పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పి ఇంజిన్ బాగా చురుగ్గా తిరిగే చోట ఆపండి, తర్వాత స్లో స్క్రూతో ఐడిల్ తగ్గించండి. ప్లగ్గు పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే సరే. తెల్లబారితే గాలి ఎక్కువ, నల్లగా మసిపడితే పెట్రోల్ ఎక్కువ. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రబ్బరు పైపులు, సీళ్లు దానికి తట్టుకోవు, ఈ పనిలోనే మార్చేయండి. ప్లగ్గు తెల్లగా కనబడితే నీడిల్‌ను ఒక గాడి పైకి ఎత్తండి.

మొదటి 500 కిలోమీటర్లు గంటకు 50 దాటకుండా, ఒకే వేగంలో కాకుండా పెంచుతూ తగ్గిస్తూ నడపండి. రింగులు కూర్చునేది అలాంటి లోడు మార్పుల్లోనే. మొదటి 100 కిలోమీటర్ల తర్వాత ఒకసారి, 500 దగ్గర ఒకసారి ఆయిల్ మార్చండి. రెండుసార్లూ పాత ఆయిల్‌ను తెల్లటి పళ్లెంలో పోసి, లోహపు పొడి తగ్గుతోందో లేదో చూడండి. రెండోసారి కూడా మెరిసే ముక్కలు కనిపిస్తే బండి నడపడం ఆపి కింది భాగం చూపించండి.