గోడ మీద రాసిన చెయ్యి బుల్లెట్ ట్యాంకు మీదకి రావాలంటే

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి వైపు బ్రష్షు పట్టినవాళ్ళెవరూ ఒక్క పనితో బతకలేదు. షాపు బోర్డులు, ఎన్నికలొస్తే గోడరాతలు, దసరాకి పందిట్లో తెరలు, రెండేళ్ళకోసారి బరంపురం ఠాకురాణి జాతరకి పులివేషాలు. ఫ్లెక్స్ వచ్చాక బోర్డులు ఎలాగూ పోయాయి. ఇప్పుడు కుర్రాళ్ళు ట్యాంకు మీద బొమ్మ కావాలంటున్నారు కదా అని చాలామంది ముందు ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పెన్నులాంటిది) కొనేస్తారు. నన్నడిగితే అది ఆఖరున కొనాలి. బొమ్మ వేసే చెయ్యి మీకు ఉంది, రానిదల్లా ఇనుము మీద రంగు నిలబెట్టడం, అది బండ్ల సొట్టలు తీసి రంగేసే డెంటింగ్ షెడ్డులో కొన్నాళ్ళు వాటర్ పేపర్ (నీళ్ళతో రుద్దే గరుకు కాగితం) రుద్దితేనే వస్తుంది.

ట్యాంకు విప్పి, పెట్రోలు పూర్తిగా తీసేసి, ఆవిరి పోయేదాకా గాలికి ఆరబెట్టండి. గ్రీజు రిమూవర్‌తో తుడవకుండా పేపర్ పట్టొద్దు, ఎందుకంటే బండి పాలిష్‌లో ఉండే సిలికాన్ మిగిలితే రంగు అక్కడక్కడా విడిపోయి చిన్న చిన్న గుంటలు పడతాయి. సొట్టలుంటే పుట్టీ, దానిమీద ప్రైమర్, ఆరాక 600 పేపర్‌తో నీళ్ళు పోస్తూ రుద్ది, ఆ తర్వాత బేస్ రంగు పల్చగా రెండు మూడు కోట్లు.

బొమ్మ దగ్గర మాత్రం పాత పనులన్నీ అక్కరకొస్తాయి. పులివేషం వేసినవాడికి చార ఎక్కడ లావుగా మొదలై ఎక్కడ సన్నబడాలో, పొట్ట వంపు మీద ఎలా తిరగాలో చెప్పక్కర్లేదు, ట్యాంకు కూడా అలా వంపు తిరిగిందే. గొడుగుల్లా వంగిన ఒడియా అక్షరాలు ఏళ్ళ తరబడి రాసినవాళ్ళకి సన్నగీతలు గీయడం పెద్ద కష్టం కాదు, పొడుగు వెంట్రుకల లైనర్ బ్రష్షు ఒకటి కొనుక్కుంటే చాలు. రెండు పక్కలా ఒకేలా రావాలంటే ట్రేసింగ్ పేపర్ మీద గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, సుద్దపొడి మూటతో అద్దండి. రెండో పక్కకి కాగితం తిరగేస్తే సరి (పేరు రాసినప్పుడు తిరగేయకండి బాబూ). నీడలకి మాత్రమే ఎయిర్‌బ్రష్, 0.3 నాజిల్, గాలి ఒత్తిడి 20 నుంచి 30 పీఎస్‌ఐ.

పైన 2కే క్లియర్ (హార్డ్‌నర్ కలిపి కొట్టే రంగులేని పూత) తప్పదు, అది లేకపోతే పెట్రోలు బంకులో ఒలికిన చుక్కకే బొమ్మ కరిగి కారుతుంది. హార్డ్‌నర్ ఎంత కలపాలో డబ్బా మీద ఉన్నట్టే కలపండి, కంటి అంచనా వద్దు. హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులని పట్టేస్తాయి, ముక్కుకి రుమాలు కట్టుకుని కొట్టే మన షెడ్డు అలవాటు ఇక్కడ పనికిరాదు. తలుపులన్నీ తెరిచి, బయటి నుంచి శుభ్రమైన గాలి గొట్టంతో అందించే మాస్కు, చేతులకి గ్లవ్స్ వేసుకునే కొట్టండి. గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో వానాకాలం ఇంకో గొడవ, తేమకి రంగు తెల్లగా పొగ పట్టినట్టు అవుతుంది, నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడండి లేదా ఎండ వచ్చేదాకా ఆగండి.

బండి మొత్తం రంగు మార్చమంటే ఆర్‌సీలో రంగు మార్పించుకోమని ముందే చెప్పండి. సగం డబ్బు ముందే తీసుకోండి, బొమ్మ కాగితం మీద చూపించి ఒప్పించాకే ట్యాంకు విప్పండి. తిరిగి ఇచ్చేటప్పుడు ఒక నెల పాటు పాలిష్, వ్యాక్స్ ఏవీ రాయొద్దని గట్టిగా చెప్పి పంపండి, మర్నాడే రుద్దేవాళ్ళు ఉంటారు.