బ్యాండు మేళం ట్రంపెట్‌తో మెత్తని హిప్‌హాప్ ట్రాక్ ఎలా చేయాలి?

నెల్లూరులో పెళ్లి ఊరేగింపు చూసినవాళ్లకు ట్రంపెట్ కొత్త కాదు. వీధి చివరిదాకా వినబడాలని గట్టిగా ఊదుతారు. అదే ట్రంపెట్‌ను జాజ్‌లోలా మెత్తగా ఊదించి, కింద హిప్‌హాప్ బీట్ నడిపిస్తే రాత్రిపూట వినడానికి ప్రాణం హాయిగా ఉంటుంది. అమెరికా జాజ్ ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ చివరి రోజుల్లో ఈ కలయిక మీదే పనిచేశాడు. అలా చేసిన ఆల్బమ్ ఆయన పోయాక 1992లో వచ్చింది.

ముందు బీట్ చేసుకోండి. ఫోన్‌లో ఉచిత యాప్ చాలు. వేగం నిమిషానికి 80 నుంచి 90 బీట్లు. నాలుగు లెక్కల్లో 1, 3 దగ్గర కిక్ (బరువైన డ్రమ్ము దెబ్బ), 2, 4 దగ్గర స్నేర్ (పదునైన డ్రమ్ము దెబ్బ). హై-హ్యాట్‌కు (తాళాల చప్పుడుకు) స్వింగ్, అంటే ప్రతి రెండో దెబ్బ కాస్త ఆలస్యంగా పడేలా చేసే సెట్టింగ్, 55-60 శాతం పెడితే నడక కాస్త ఊగుతుంది. పైన ఎలక్ట్రిక్ పియానోతో రెండు మూడు కార్డులు (ఒకేసారి కలిపి మోగే స్వరాలు) వేసి ఆపేయండి. ట్రంపెట్‌కు చోటుండాలి.

తర్వాత శ్రుతి. మామూలు ట్రంపెట్ బి-ఫ్లాట్ వాద్యం. వాయించేవాళ్లు 'సి' ఊదితే మనకు వినబడేది బి-ఫ్లాట్. కాబట్టి మీ బీట్ సి మైనర్‌లో ఉంటే వాయించేవాళ్లకు డి మైనర్ అని చెప్పాలి. ఇది తెలియక మొదటిసారి పూటంతా రికార్డు చేసి, ట్రంపెట్ ఊదే పెద్దాయనే అపస్వరం పలికిస్తున్నారనుకున్నాను. తప్పు నాదని తెలిశాక ఇంటికెళ్లి ఆయనకు చెప్పి వచ్చాను.

రికార్డింగ్‌కు ఫ్యాన్ ఆపాలి. మన ఎండలకు అది పొద్దున్నే అయితేనే కుదురుతుంది. గోడలకు బొంతలు వేలాడదీయండి. మైకు రెండు మూడు అడుగుల దూరంలో, ట్రంపెట్ మూతికి (శబ్దం బయటికొచ్చే వెడల్పాటి చివరకు) కాస్త పక్కగా ఉండాలి. మ్యూట్ (శబ్దం మెత్తబడేందుకు మూతిలో పెట్టేది) లేకపోతే మూతికి మందపాటి గుడ్డ వదులుగా అడ్డం పెట్టండి. బీట్ వాయించేవాళ్లకు హెడ్‌ఫోన్స్‌లోనే వినిపించాలి, లేదంటే మైకులోకి వచ్చేస్తుంది.

"బాబాయ్, పక్క గదిలో పసిబిడ్డ పడుకుందనుకుని ఊదు" అన్నాను. అంతే, అప్పటిదాకా రాని మెత్తదనం వచ్చింది. ఒక ముక్క ఊది రెండు బార్లు (ఎనిమిది లెక్కలు) ఆగమనండి. ఆ ఖాళీలోనే బీట్ వినబడుతుంది, ఊపిరీ అందుతుంది.

మిక్సింగ్‌లో ట్రంపెట్‌కు కొంచెం రివర్బ్ (గదిలో మోగినట్టు ప్రతిధ్వని) వేసి, చెవికి గుచ్చుకునే చోట తగ్గిస్తే చాలు. ఇలాంటివి ఎనిమిది, ఒక్కోటి రెండున్నర నిమిషాలు, కుదిరితే ఆల్బమ్ అయినట్టే.

బయట పెట్టేముందు వాయించినాయనకు వినిపించండి. ఆయన పేరు మీ పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో వేయండి. వచ్చే డబ్బులో ఆయన వాటా ఎంతో రికార్డింగ్‌కు ముందే మాట్లాడుకోండి.